నా వేషానికో ప్రవేశ పద్యం

ప్రొద్దుటూరు, ఆదివారం రాత్రి

జమ్మలమడుగు ఆటే నాకు ఆఖరిదని నాటక కంపెనీవాళ్లు ఈరోజు తేల్చేశారు. రాణి వేషానికి తెనాలి నుంచి ఒక ఆడమనిషి వస్తోందట. మగవాణ్ణయినా నా వయసంతా ఆ రాణి చీరలోనే గడిచిపోయింది. ఇప్పుడు కూలికి పోదామన్నా, పిలిచేవాళ్లు ముందు నవ్వుతారు.

హార్మోనియం మస్తాన్ ఓదార్చబోయాడు. "ఏ వేషమైనా తెర దాటి వస్తానే నేను ఫలానా అని పాడుతుంది గదప్పా. ఆఖరి ఆట పొద్దు చీర లేకుండా వచ్చి, నీ గురించి నాలుగు మాటలు పాడు. రాగం నేను కడతా."

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. రాణి గురించైతే ఎంతైనా వస్తోంది. నా గురించి అనేసరికి చెయ్యి ఆగిపోతోంది. మీసం పెంచితే ఎలా ఉంటానో కూడా నాకు తెలియదు. చివరికి ఇంతే వచ్చింది:

పులివెందుల పక్క పల్లె నాది
మీసమెరుగని మొగము నాది
కట్టిన చీర కంపెనీది
పాడిన మాట రాణిది

మెల్లగా పాడుకుంటుంటే పక్కన పడుకున్న నా భార్య సుబ్బమ్మ తల ఎత్తింది. ఇన్నేళ్లూ నా పాటలన్నీ మొదట విన్నది ఆమే.

"శానా బాగుండాది. ఎవురి ఏశమయ్యా ఇది? ఆటలోకి ఎప్పుడొస్తాడు?"

నాదేనని చెప్పకుండా కాగితం మడిచి దిండు కింద పెట్టాను.

"రాడులే, పడుకో," అన్నాను.