ఇంకా పది వాంగ్మూలాలు

మీరు దొంగలు. బీరువా జోలికి రాలేదు, నిజమే. నాకు మిగిలిన రోజుల్ని పట్టుకుపోయారు, అదీ చేతులు జోడించి, కళ్లు మూసుకుని. వీలునామాను మనిషి పోయాక చదవాలంటారు. దీని నకలు ఇవాళే మీ అందరికీ పంపుతున్నాను. మీ పశ్చాత్తాపం నాకు అక్కర్లేదు, మీ పూటలు కావాలి.

కాలేయం తప్ప తక్కినవన్నీ సవ్యంగా ఉండగా, బుర్ర పాదరసంలా పనిచేస్తుండగా, ఒకరి బెదిరింపుకూ ఇంకొకరి బుజ్జగింపుకూ లొంగకుండా, యాభై మూడేళ్ల వయసులో, ఆసుపత్రి లాండ్రీ సూపర్‌వైజరునైన నేను ఇష్టపూర్తిగా రాసిన ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

డాక్టరు నాలుగు నెలలన్నాడు. ఆ నాలుగు నెలలకూ నాకు ఒక్కటే పని. మన చర్చి సంఘం నడిపే ఆసుపత్రి లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలి ఆడవాళ్ల చేతులూ మొహాలూ కాలాయి. కమిటీ "వాళ్ల అజాగ్రత్తే" అని తేల్చేసింది. విచారణ అధికారి జూన్ ముప్పై దాకా గడువిచ్చాడు. ఆ గదిలో ఉన్న ఇరవై ఇద్దరి మాటా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాలి. ఒక్కొక్కరికి ఒక పూట. పదకొండు అయ్యాయి. అప్పుడొచ్చారు మీరు, నా స్వస్థత కోసం గొలుసు ప్రార్థనట, వంతులు వేసుకుని, పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాకా, నా మంచం చుట్టూ.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో నా మేనకోడలికి చెందవలెను. బడిలో లెక్కల టీచరు. ఈ వీలునామాను అమలు జరపవలసిందీ ఆమే. మీ అందరిలో "అత్తా, తర్వాత ఎవరిది రాయాలో చెప్పు" అంటూ పెన్ను తీసింది ఆ పిల్ల ఒక్కతే. షరతు: విచారణ ముగిసేదాకా ముందు గది లాండ్రీ ఆడవాళ్లది. వాళ్లు ఎంతసేపు కూర్చున్నా మొహం చిట్లించకూడదు.

2. సంఘపెద్ద, ఆసుపత్రి కమిటీ సభ్యుడు అయిన మా అన్నయ్యకు నా అలారం గడియారం. ఇరవై ఆరేళ్లు నన్ను నాలుగూ నలభైకి లేపింది. "కాలం ప్రభువు చేతిలో ఉందే, కంగారెందుకు" అంటావు కదా. అవునన్నయ్యా, ఆయన చేతిలోదే. అందులో చిటికెడు నా చేతిలో పెట్టాడు. దాన్ని నువ్వు ఊడబెరికావు.

నువ్వు తెచ్చి వేయించిన ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు కూడా తీసుకెళ్లు.

3. వదినకు నా స్టీలు ఫ్లాస్కు, కిటికీ పక్కన ఉండే వాలు కుర్చీ. నడుం నొప్పి అని ఎవరికీ చెప్పకుండా పెళ్లయిన దగ్గర్నుంచీ నిలబడే ఉంది. మొన్న అన్నయ్య ప్రార్థన గంటన్నర దాటినప్పుడు గుమ్మం దగ్గర "ఈయన ఆమెన్ అనేలోపు పాలు విరిగిపోతాయి" అని గొణిగింది. ఈ రెండు నెలల్లో నేను నవ్వింది అప్పుడే.

4. అటక మీది అట్టపెట్టెలో ఉన్న నా వ్యాసాలన్నీ పొయ్యిలోకి. స్త్రీలు బోధించవచ్చా కూడదా అని సంఘ పత్రికలో పాస్టరుగారితో పదేళ్లు కొట్లాడాను. ఆయన గెలిచానన్నారు, నేనూ గెలిచానన్నాను. ఆ పదేళ్లలో గొట్టం జాయింటు దగ్గర కారుతోందని నేను కమిటీకి రాసినవి మూడంటే మూడు ఉత్తరాలు. దొంగల జాబితాలో నా పేరూ రాసుకోండి.

ప్రార్థన వద్దంటున్నానని గగ్గోలు పెట్టకండి. రోజూ లాండ్రీ తాళం తీసేముందు అర నిమిషం నేనూ చేసుకున్నదాన్నే. ప్రభువు జనం మధ్య తిరిగింది మహా అయితే మూడేళ్లు. ఆ కాస్త కాలంలో కుష్ఠురోగి ఎదురొస్తే "సభ జరుగుతోంది, రేపు రా" అన్నాడని ఎక్కడైనా ఉందా? చూపించండి, నోరు మూసుకుంటాను.

5. నా నీలం ఉన్ని శాలువా పొట్టక్కకు, అని మొదటి ప్రతిలో ఉంది. కొట్టేశాను.

పొట్టక్క మా లాండ్రీలో దుప్పట్లు పిండేది. గొట్టం పగిలిన పొద్దున నేను సెలవులో ఉంటే, ఆవిరి ఆపమని ఇంజనీరు గదికి ఫోన్ చేసింది ఆవిడే. అటునుంచి ఏం జవాబొచ్చిందో విన్నదీ ఆవిడొక్కతే. కట్లు కట్టిన చేతులతో రెండు బస్సులు మారి నా దగ్గరికొచ్చింది. గుమ్మంలో అన్నయ్య ఆపాడు. "ప్రార్థన జరుగుతోందమ్మా, రేపు రా." మర్నాడు జ్వరం. ఐదో రోజు పోయింది, పుండ్లు చీము పట్టి.

అన్నయ్యా, నువ్వు కావాలని చేశావనను. ఇంకా ఘోరం, నీకు తోచనే లేదు.

ఆ పూట గుమ్మంలో పొట్టక్క గొంతు నేను గుర్తుపట్టాను. మాటలు అందలేదు గాని, ఆ గొంతు నాకు తెలియదా? కళ్లు తెరిస్తే మర్యాద కాదని మూసుకునే ఉన్నాను. ఊరంతా నన్ను ముల్లు అంటుంది. ఆ ఒక్క పూట పువ్వులా పడుకున్నాను.

శాలువా పొట్టక్క కూతురికి ఇవ్వండి.

ఇక నేను అడిగేవి:

రేపటి నుంచి ప్రార్థనకు ఎవరూ రావద్దు. వస్తే కాగితం, పెన్ను తెచ్చుకోవాలి.

మిగిలిన పది వాంగ్మూలాలూ గడువులోపు పూర్తి కావాలి, నేనున్నా పోయినా.

నా సమాధి కార్యక్రమం అరగంట. ప్రసంగం వద్దు. ఆ మధ్యాహ్నమే తర్వాతి వాంగ్మూలం.

కమిటీ ఫైల్లో ఉన్న నా మూడు ఉత్తరాలు బయటికి రావాలి.

అన్నయ్యా, పొట్టక్క గుమ్మంలో నీకు చెప్పుకుంది. "ఏదో ఫోను సంగతట" అని ఆ సాయంత్రం నువ్వే నాతో అన్నావు. ఆవిడ ఏమన్నదో మాట పోకుండా రాసి, కింద సంతకం పెట్టు.

మే నెల పదకొండు, ఆదివారం, ఆరాధన వేళ.

(సంతకం) లాండ్రీ సూపర్‌వైజరు, మీరు ముల్లు అనేది

సాక్షులు:
పక్కింటి దర్జీ (సంతకం)
లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఆమె (ఎడమచేతి వేలిముద్ర, కుడిచెయ్యి కాలింది)