బోడి హెల్మెట్

మా మొండి నాన్నకి,

కోపంతో రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నేను అరుస్తాను. అందుకే కాగితం.

మొన్న ఆదివారం ఫైర్ స్టేషన్ హాల్లో జరిగిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఫొటో కార్డుల సంతకి నేనూ వచ్చాను. పియెరోగీ కుడుములు వేయించే బల్ల దగ్గర నిలబడ్డాను, నువ్వు చూడలేదు. నీ స్నేహితుడు క్లీటస్ నా కార్డు పట్టుకుని నీ బల్ల ముందుకొచ్చాడు.

"ఏమయ్యా ఎమెట్, ఇది మీవాడి రూకీ కార్డేనా? హెల్మెట్ మీద గుర్తేదీ? చొక్కా మీద పేరేదీ? ఎవడో సబ్బెట్టి కడిగేసినట్టున్నాడే!"

"మావాడి కార్డు ఇంకా రాలేదు" అన్నావు నువ్వు.

"మరి ఈ మొహం ఎవరిదోయ్?"

"అది కార్డు కాదు, చెత్త. అవతల పడెయ్."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను బయటికొచ్చేశాను.

నీ సూత్రాలు నాకు చిన్నప్పటినుంచీ తెలిసినవే. ఆటగాడి మొదటి ఏడాది కార్డే, ఆ రూకీ కార్డే, అసలు కార్డు, అదీ జట్టు గుర్తు ఉంటేనే. ఆ గుర్తు వాడుకునే లైసెన్సు లేని కంపెనీలు గుర్తులు చెరిపేసి అచ్చేసేవన్నీ నీ లెక్కలో బోడి కార్డులు. వాటి చోటు మెట్లకింద బూట్ల డబ్బా. ఇప్పుడు నేనూ ఆ డబ్బాలోకే అన్నమాట.

నాన్నా, ఆ కార్డంటే నీకంటే నాకే ఎక్కువ అసహ్యం. అదెలా తయారైందో నీకు తెలీదు. హోటల్ గదిలో ఆ కంపెనీవాళ్లు గుర్తుల్లేని తెల్ల చొక్కాలు గుట్టగా పోశారు. ఒకటి నా తలమీంచి దింపడం, లాగెయ్యడం, ఇంకోటి దింపడం. చెమట పట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. వాటిని ముక్కలు కోసి కార్డుల్లో అతికించి, వెనకవైపు 'ఆటగాడు తొడిగిన చొక్కా' అని వేశారు. అబద్ధం కాదుగా అని వాళ్లలో వాళ్లే నవ్వుకున్నారు. ఆ తర్వాత అంటించే చీటీల మీద చెయ్యి పడిపోయేదాకా సంతకాలు. ఏ కార్డుకి అంటిస్తారండీ అని అడిగితే, "అదంతా నీకెందుకు బాబూ, రాసుకుంటూ పో" అంది అక్కడున్నావిడ. లీగు లైసెన్సున్న కంపెనీ మాత్రం, ముందు జట్టులో నిలబడు, తర్వాత చూద్దాం అంది.

నిలబడలేదు నాన్నా. నీ దగ్గర దాచింది ఇదే. శిక్షణలోనే మోకాలు పోయింది. జట్టు నన్ను తీసేసింది. డాక్టరు ఇక ఆట మర్చిపొమ్మన్నాడు. నువ్వేమో అసలు కార్డు వస్తుందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావు. రాదు. ఎప్పటికీ రాదు. నాకున్నది ఆ బోడి కార్డొక్కటే. దాన్ని నీ కొడుకు కార్డని ఒప్పుకుంటావా, లేదా? ఒప్పుకోకపోతే ఇక మన ఇంటి గుమ్మం తొక్కను.

నీ కొడుకు,
వేడ్


ఒరేయ్ వేడ్,

అంత దూరం వచ్చి పలకరించకుండా పోయావా, వెధవా! నీ ఉత్తరం చదువుతూ సగం దాకా తిట్టాను. మిగతా సగం రెండుసార్లు చదివాను.

నిన్ను తీసేశారని నాకెప్పుడో తెలుసు. పేపర్లో ఆటల పేజీ నేను చదవననుకున్నావా? నీ అంతట నువ్వే చెప్తావని ఊరుకున్నాను. కార్డు ఇంకా రాలేదని అందరితో అన్నది గొప్ప కోసం కాదు. ఈ బోడిదే మావాడి కార్డు అని ఒప్పుకుంటే నీ ఆట అయిపోయిందని నేనే చెప్పినట్టవుతుంది. ఆ మాట అనడానికి నాకు మనసొప్పలేదు.

ఇంక చెత్త అన్న మాట. ఆ కార్డు మీది ఫొటో ఏ ఆటలోదో చూశావా? నీ కాలేజీ ఆఖరి ఏడాది, జోరు వానలో ఆడావే, అది. ఆ ఫొటో మొదట మన ఊరి పేపర్లో వచ్చింది. నేను కత్తిరించి దాచుకున్నాను. అందులో నీ భుజం వెనక, జనంలో మీ అమ్మ ఉంది. లేచి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, నోరంతా తెరిచి అరుస్తోంది. మీ కాలేజీ గుర్తున్న వానకోటు నాచేత పట్టుబట్టి కొనిపించుకుని వేసుకొచ్చింది. ఆ చలికాలమే ఆవిడ పోయింది.

ఈ కంపెనీకి కాలేజీ లైసెన్సు కూడా లేదు. నీ హెల్మెట్ మీద గుర్తు చెరిపారు, చొక్కా మీద చెరిపారు. ఆవిడ కోటు మీదా గుర్తుందిగా! ఒక్క గుర్తు చెరిపే ఓపిక లేక మనిషినే చెరిపేశారురా. ఆవిడ ఉన్నచోట బూడిదరంగు మరక పూశారు. క్లీటస్ ఆ కార్డు నా ముక్కు కింద పెట్టినప్పుడు నాకు కనబడింది నీ మొహం కాదు, ఆ మరక. ఛీ! వాళ్ల చేతులు పడిపోను! అది చెత్తే. ఇప్పటికీ అదే అంటాను. కానీ నిన్ను అనలేదురా నాన్నా.

వచ్చే ఆదివారం హాల్లో మళ్లీ సంత ఉంది. కుంటుకుంటూనైనా సరే రా, నా పక్కన కూర్చో. ఆ పేపర్ ఫొటో బల్లమీద పెడతాను. మావాడి రూకీ కార్డు ఇదే, వేరేది రాదు అని క్లీటస్‌తో నేనే చెప్తాను. ఎవడైనా వెనకున్న ఆవిడెవరని అడిగితే మాత్రం నువ్వు చెప్పాలి. అది నావల్ల కాదు.

మీ నాన్న