కుడివైపు పేజీలు

మన వాగుడుకాయ నాన్నగారికి,

నమస్కరించి రాయునది. ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని రాసి కొట్టేశాను, కనబడుతూనే ఉంటుంది. మేమంతా అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. నేను క్షేమం. ఓడలో మీరూ, మీ వంటగదిలోని వాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో మీ గొంతు వినగానే ఏడుపు ముంచుకొస్తుంది, చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం.

మీరడిగిన వాటికి జవాబులు. కళ్ళజోడు మార్చాను. ఇప్పుడు కాజాలు వంకర పోవడం లేదని మా కుట్టు షెడ్డు మేస్త్రీ నోటితోనే అన్నాడు, ఆయన నోట మంచిమాట రావడం ఎంత అరుదో మీకు తెలుసుగా. వేళకి తింటున్నావా అన్నారు. తింటున్నాను. సరే, సగం రోజులు తింటున్నాను. మన పిల్ల మంచం తీయలేదు. తీయమని మీరూ అనకండి.

మాటల పుస్తకం పక్క కుర్చీ పిల్లకి ఇచ్చావా అని అడిగారు. ఆ సంగతి తరువాత రాస్తాను.

ఓడ మీదున్న మీకు తెలియదు కానీ, ఆ పుస్తకం పుట్టినప్పటినుంచీ నేను చూస్తూనే ఉన్నాను. మన వాగుడుకాయ ఫోన్లెత్తే ఆఫీసులో చేరిన కొత్తలో పరదేశం వాళ్ళ ఇంగ్లీషు దాని బుర్రకెక్కేది కాదు. బళ్ళో చదివింది ఒకటి, వాళ్ళు రోజూ మాట్లాడేది ఇంకొకటి. అందుకని పక్క కుర్చీ పిల్లా, ఇదీ ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొత్త మాట చెవిన పడగానే మనది ఎడమ పేజీలో రాసేది, వినబడింది వినబడినట్టు మన తెలుగు అక్షరాల్లోనే. ఆ పిల్ల పెద్దవాళ్ళని అడిగి, ఎదురుగా కుడి పేజీలో అర్థం రాసేది. రెండేళ్ళు అలాగే నడిచింది.

ఇంటికొచ్చి నా మీద ప్రయోగాలు. అన్నం మాడిందే అంటే ‘చిల్, అమ్మా’ అనేది. అర్థం ఏమిటే అంటే, ‘నీకు చెప్పినా తెలీదులే’ అని నవ్వి, ఫోను పట్టుకుని ఆ పిల్లతో గంటసేపు. తలుపు అవతల నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. నవ్వులు వినబడేవి, మాటలు తెలిసేవి కావు. కన్నదాన్ని నేను, కబుర్లు దానికి. అప్పుడే నాకు కడుపులో మంట మొదలైంది. పైకి చెప్పలేదు. మీకు కూడా రాయలేదు.

ఇక ఆసుపత్రి సంగతి. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు ఆ పిల్ల వచ్చింది. మంచం పక్కన నిలబడి ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంది. మనది కళ్ళు తెరిచి నా వైపు చూసి, దాని వైపు చూసి, కిలకిలా నవ్వింది. అదే ఆఖరి నవ్వు. ఎందుకే నవ్వుతున్నావు అని నేనడిగితే అప్పటికే కళ్ళు మూసేసుకుంది. పదకొండో రోజున ఏమైందో మీకు తెలుసు. నా బిడ్డ ఆఖరి నవ్వు ఇంకొకరికి పోయింది, అది కూడా నాకు రాని మాటలో. ఇదే నన్ను తినేసింది.

దినకర్మలయ్యాక మళ్ళీ ఓడెక్కే ముందు మీరు ఆ పిల్లకి మాటిచ్చారు, నెల తరువాత వచ్చి పుస్తకం తీసుకో అని. మీరు మెత్తని మనిషి, మాటిచ్చేశారు. ఆ పిల్ల వచ్చింది. ఎక్కడో పెట్టాను, కనబడలేదన్నాను. రెండోసారి వచ్చింది. మళ్ళీ అదే అబద్ధం. అప్పుడది నా దిండు కిందే ఉంది.

ఇప్పుడు చెప్తాను. కోప్పడితే కోప్పడండి. రెండోసారి ఆ పిల్ల గడప దాటగానే పుస్తకం తీశాను. నా బిడ్డ రాత నేనుంచుకుని, ఆ పిల్ల రాత ఆ పిల్ల మొహాన కొడదామనుకున్నాను. బ్లేడుతో నడుమ కుట్లు విప్పాను. విప్పాక తెలిసింది నా తెలివి. ఏ కాగితం తీసినా ఒకవైపు ఆ పిల్ల రాత, వెనక్కి తిప్పితే మనదాని రాత. ఒకటి చింపితే రెండోదీ పోతుంది. ఒళ్ళు మండిపోయింది. షెడ్డులో కొలతలు గీసే ఖాకీ కాగితం తెచ్చి, మైదా జిగురు కాచి, ఆ పిల్ల రాసిన పేజీలన్నిటి మీదా అతికించేశాను. ఒక్క అర్థం మిగల్చలేదు. చదవను కూడా చదవలేదు. దాని అక్షరం చూస్తేనే కడుపు రగిలేది.

నాలుగు రోజులు ఎడమ పేజీలే చదువుకున్నాను. తరువాత ‘హ్యాంగ్ ఇన్ దేర్’ దగ్గర ఆగిపోయాను. ఆ నవ్వు ఏమిటో తెలుసుకోవాలి కదా, ఆ అర్థం నేనే మూసిపెట్టుకున్నాను. తడిపి ఊడదీద్దామని చూశాను. సిరా నీలంగా పాకింది, ఒక పేజీ మొత్తం పోయింది. చేజేతులా అంటారే, అదే.

మొన్న ఆదివారం ఆ పిల్ల మూడోసారి వచ్చింది. అబద్ధం నోటికి రాలేదు. విడి కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

“అంటించారా, ఆంటీ?”

“అంటించాను.”

“ఎందుకు?”

“నీ రాత చూడలేక.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కాసేపు కాగితాలు నిమురుతూ కూర్చుని, ముక్కు తుడుచుకుని, “పెన్ను తెచ్చుకోండి. నాకు చాలావరకు గుర్తున్నాయి. నేను చెప్తాను, మీరు రాయండి” అంది.

ఐదో తరగతి రాత నాది. ఆ ఖాకీ కాగితం మీద నేనే రాశాను. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే నల్లేరు మీద నడక. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే అమావాస్యకో పున్నానికో. ఇదేనా ఈ గొప్ప ఇంగ్లీషు, ఇవన్నీ మా అమ్మ రోజూ అనేవే అన్నాను. మనది కూడా అదే అనేదట, ఇది అమ్మమ్మ మాటేనే అని. ‘బెస్టీ’ అంటే ప్రాణ స్నేహితురాలు అని తల దించుకుని చెప్పింది. నేను స్నేహితురాలు అని మాత్రమే రాశాను. చూసి, తరువాతి మాటకి వెళ్ళింది.

దాని పక్క కుర్చీలో ఇప్పుడు కొత్తమ్మాయిని కూర్చోబెట్టారట. మనదాని హెడ్‌ఫోనే పెట్టుకుంటోందట. ఆ కొత్తదాన్ని మాత్రం ఇద్దరం కలిసి కాసేపు తిట్టుకున్నాం, పాపం అదెవరో.

చివరికి నా మాట దగ్గరికొచ్చాం. ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంటే కష్టమైనా పట్టు వదలకు అని. దాని కింద మనది చెప్పి రాయించిన ఉదాహరణ కూడా ఉందట. ‘మా అమ్మ సూదిలో దారం ఎక్కించినట్టు. పదిసార్లు తప్పినా వదలదు.’

“ఆ రోజు ఆసుపత్రిలో మీరు దాని జాకెట్టు హుక్కు కుట్టడానికి దారం ఎక్కిస్తున్నారు, ఆంటీ. ఎక్కడం లేదు. నేను ఆ మాట అనగానే అది మిమ్మల్ని చూసి నవ్వింది” అంది.

ఆ నవ్వు నాదేనండీ. ఇన్నాళ్ళూ నా సొమ్మే నేను గుర్తుపట్టక, ఆ పిల్ల దోచుకుందని కుళ్ళుకున్నాను. ఆ ఉదాహరణ రాస్తుంటే అక్షరాలు చెదిరిపోయాయి, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని రాయించింది.

కాజా దారంతో మళ్ళీ కుట్టి పుస్తకం ఇచ్చేశాను. మీ మాట నిలబెట్టాను. అసూయ పోయిందని మాత్రం రాయను. వెళ్తూ వెళ్తూ “వస్తానమ్మా” అంది. ఒళ్ళు మండింది. అమ్మా కాదు, ఆంటీ అను అన్నాను. సరే ఆంటీ అంది. వచ్చే ఆదివారం పుస్తకం పట్టుకుని రమ్మన్నాను కూడా.

నీళ్ళలో పోయిన పేజీలో ఒక మాటకి అర్థం ఆ పిల్లకీ గుర్తు లేదు. ‘రెయిన్ చెక్’ అట. మీ ఓడలో పరదేశం వాళ్ళున్నారుగా, అడిగి అర్థం రాయండి. ఆ పేజీలో మీ రాత కూడా ఒకటి ఉంటుంది. చోటు వదిలిపెట్టాను.

ఇట్లు,
ఇంకా దారం ఎక్కిస్తూనే ఉన్న,
మన వాగుడుకాయ అమ్మ