ఏడోసారి తెరిచిన పెట్టె

మెట్టుగూడ,
మంగళవారం

ప్రియమైన జయకృష్ణ అన్నయ్యకు,

ఈ ‘ప్రియమైన’ అలవాటు కొద్దీ పడింది. పట్టించుకోకు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేను రెండు మాటలనేసరికి “అరే, జెర ఆగవే జ్యోతీ” అని అందుకుని నీ వ్యాపారం గురించి అరగంట చెప్తావు. చివరికి తప్పు నాదే అయినట్టు సారీ చెప్పి పెట్టేస్తాను. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావు. కాగితాన్నయితే మధ్యలో ఆపలేవు కదా, అందుకని పెన్ను పట్టుకున్నాను.

నీ దగ్గర ఎడిటింగ్ చేసే జెరెమియా నిన్న ఒక పొరపాటు చేశాడు. మా దేవిశ్రీ ఆదివారం మీ ఇంట్లో చేసిన వీడియో పంపమని అడిగితే, మూడు నిమిషాల ముక్కకు బదులు అసలు కోయని వీడియో మొత్తం పంపాడు. యాభై రెండు నిమిషాలు. పొయ్యి కట్టేసి కూర్చుని చూశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నమేదని అడిగితే ఆయన మీద కూడా అరిచాను. ఆ పాపం కూడా నీదే.

సైనిక్‌పురిలో మీ మేడ మీద గది. పసుపు గోడ, వెనక చెక్క అలమరలో పాతకాలం సినిమా బొమ్మలు. మధ్యలో నా కూతురు, పదేళ్లది. దాని ముందు నీ చేత ఈ వీడియోలు తీయించుకునే బొమ్మల కంపెనీవాళ్ల ‘చిన్ననాటి పెట్టె’. లోపల ఏ బొమ్మ ఉందో తెరిచేదాకా తెలియదు. ఆరు రకాలున్నాయి, ఆరోది బంగారు రంగుది, అది కోటికొకరికి గానీ దొరకదు. దేవి తెరిచింది. నీలం రంగు బొమ్మ వచ్చింది. సంతోషపడింది. అప్పుడు నీ గొంతు వినిపించింది. “సూపర్ రా దేవీ. గిది ట్రయల్. ఇప్పుడు లోపల బంగారంది పెడుతున్న. అది చూసి జెర గట్టిగ అరువు.” పెట్టె మళ్లీ అంటించారు. దేవి మళ్లీ తెరిచి అరిచింది. మళ్లీ అంటించారు. “కళ్లు పెద్దగ చెయ్యి బేటా. ఫస్ట్ టైమ్ చూసినట్టు చూడాలె.” ఏడుసార్లు అన్నయ్యా. ఏడుసార్లు ఆ పిల్ల చేత ఆశ్చర్యం నటింపజేశావు.

టేపు అంటించే ఆ రెండేసి నిమిషాల్లో దాని ముఖం ఎలా ఉందో చూశావా? చూసి ఉండవు, అది కోసి పారేసే భాగం కదా. నేను చూశాను. ఎప్పటికీ రాని బస్సు కోసం నిలబడ్డ పెద్ద మనిషి ముఖంలా ఉంది. నువ్వు రెడీ అనగానే నవ్వు వచ్చేది, కట్ అనగానే పోయేది. అంతా అయ్యాక ఆ బంగారు బొమ్మను దాని చేతిలోంచి తీసుకుని అలమరలో పెట్టి తాళం వేశారు. నా కూతురు ఒక చాక్లెట్ తీసుకుని ఇంటికొచ్చింది.

ఆ వీడియో కింద నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. ‘ఆ రోజుల్లో బొమ్మలకు ప్రకటనలు లేవు. పిల్లల సంతోషమే ఉండేది.’ మన వయసు మగాళ్లందరూ కింద చేరి, మా బాల్యం గుర్తొచ్చింది బ్రో అని కన్నీళ్లు కారుస్తున్నారు. ఇప్పుడు సినిమా కన్నా ముందే బొమ్మ బజారుకొస్తోందట, బొమ్మలు అమ్ముకోవడానికే సినిమాలు తీస్తున్నారట, అప్పట్లో అంతా స్వచ్ఛంగా ఉండేదట. ఆ స్వచ్ఛతనే నువ్వు పెట్టెలో పెట్టి, ఆరో బొమ్మ దొరికేదాకా కొంటూనే ఉండండని పసిపిల్లలకు అమ్ముతున్నావు. సిగ్గులేదా నీకు?

వచ్చే ఆదివారం బొల్లారంలో పెద్ద షూటింగ్ ఉందనీ, ముంబై నుంచి బొమ్మల కంపెనీవాళ్లు వచ్చి కూర్చుంటారనీ, దేవి లేకపోతే వాళ్లు ఒప్పుకోరనీ చెప్పావు. ఒప్పుకోకపోతే మానె. దేవి రాదు. బొల్లారానికే కాదు, ఇక నీ కెమెరా ముందుకే రాదు. పెట్టిన వీడియోలు కూడా తీసెయ్యి.

నీ చెల్లెలు,
నాగజ్యోతి


మెట్టుగూడ,
శుక్రవారం

పూజ్యులైన అన్నయ్యగారికి,

వ్యాపారవేత్తలకు ఇలాగే రాయాలేమో, నాకు తెలియదు.

నా ఉత్తరానికి జవాబుగా నువ్వు పంపిన పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి కోపంతో సగం వినపడలేదు. “నాన్న ఉంటే దేవిని చూసి మురిసిపోయేటోడే. నీకు బచ్‌పన్ గుర్తులేదు జ్యోతీ, గదే తక్లీఫ్. ఆ నీలికవచం బొమ్మతోని నీ అంత ఎవరు ఆడుకున్నరు చెప్పు? గా సంతోషమే నేను దేవికిస్తున్న” అన్నావు. ఈ మాటలు ఇంకెవరన్నా అంటే తెలియక అన్నారని వదిలేసేదాన్ని. నువ్వు అక్కడే ఉన్నావు కదా అన్నయ్యా.

సరే, నాకు గుర్తున్న బాల్యమేదో చెప్తాను, విను. పాలకొల్లు నుంచి వచ్చిన మన నాన్నకు పగలు ప్రెస్సులో పని. ‘నీలికవచం’ సినిమా ఆడిన వేసవిలో ఆ ప్రెస్సు మూతపడి, థియేటర్ ముందు తోపుడుబండి పెట్టాడు. నీకు పదమూడేళ్లు, నాకు తొమ్మిది. సినిమావాళ్లు రిక్షాలోంచి కరపత్రాలు విసురుకుంటూ పోతే మనిద్దరం వెనక పరుగెత్తి ఏరుకొచ్చేవాళ్లం. నాన్న వాటిలోంచి హీరో తల కత్తిరించి, అట్టతో చేసిన ఒంటికి అంటించి, నీలం రంగు పూసేవాడు. వెనక దారం లాగితే బొమ్మ చెయ్యి లేచి కత్తి ఎత్తేది. అలాంటి బొమ్మ ఒకటుందని ఆ సినిమా తీసినవాళ్లకే తెలియదు. అంతవరకు నువ్వు చెప్పేది నిజమే. కంపెనీ లేదు, రంగుల పెట్టె లేదు. కానీ ప్రకటన లేదని ఎలా అంటావు? ఆ ప్రకటన నేనే కదా!

నాన్న నన్ను బండికి ఇవతల నిలబెట్టేవాడు, కొనడానికి వచ్చినవాళ్ల పిల్లలాగా. అందరి ముందూ నాన్నా అని పిలవకూడదు. మ్యాట్నీ వదిలే వేళకు నేను దారం లాగాలి, బొమ్మ కత్తి ఎత్తగానే గెంతి నవ్వాలి. బయటికొచ్చే పిల్లలు నన్ను చూసి తల్లుల కొంగులు పట్టుకు లాగేవాళ్లు. బండి మీదవన్నీ అయిపోయాక నా చేతిలోది కూడా అమ్మేసేవాడు. మర్నాడు ఇంకో బొమ్మ ఇచ్చి నిలబెట్టేవాడు. నేను ఏడిస్తే, “సినిమా తీసేసే రోజున నీ చేతిలో ఉన్నది నీదేనమ్మా, ఒట్టు” అన్నాడు. ఆ ఒట్టు పట్టుకుని యాభై రోజులు నవ్వాను.

ఆఖరి రోజు జనం పల్చగా వచ్చారు. అయినా బండి ఖాళీ అయింది. నా చేతిలో ఒక్కటే మిగిలింది. తెల్లగౌను వేసుకున్న పిల్ల ఒకతె అదే కావాలని నేల మీద పడి దొర్లింది. నాన్న నా ముఖం చూడలేదు. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి బొమ్మ తీసుకున్నాడు. నేను నవ్వుతూనే ఉన్నానన్నయ్యా. బేరం తెగేదాకా నవ్వాలన్నది అంతగా అలవాటైపోయింది. ఆ పిల్ల తల్లి నా బుగ్గ గిల్లి, “ఎంత బుద్ధిమంతురాలో, పేచీ పెట్టకుండా ఇచ్చేసింది” అంది. నువ్వు పక్కనే గోనెసంచి మడుస్తున్నావు. చూశావు, తల దించుకున్నావు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు దానికి నా సంతోషమని పేరు పెట్టి నా కూతురికి పంచుతున్నావు.

నాన్నను క్షమించావా అంటే, సగం క్షమించాను. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఆ బండి తప్ప ఆయనకు వేరే దారి లేదు. మేడ ఉంది, కారుంది, నీకేం తక్కువైందని ఈ పని? నాన్న దగ్గర నువ్వు నేర్చుకున్నది ఇదొక్కటేనా?

రేపు దేవిని కూర్చోబెట్టి ఆ యాభై రెండు నిమిషాలూ చూపిస్తాను. నా సంగతి కూడా చెప్తాను. నేను వద్దంటే దాని మనసులో నీ షూటింగుల మీద ఆశ ఉండిపోతుంది. అందుకని రానన్న మాట దాని నోటితోనే నీకు చెప్పిస్తాను.

నాగజ్యోతి


మెట్టుగూడ,
ఆదివారం

అన్నయ్యకు,

పొద్దున నీ కారు మా సందులో ఇరవై నిమిషాలు హారన్ కొట్టి వెళ్లిపోయింది. వినపడక కాదు, తలుపు తియ్యలేదు. బొల్లారంలో ఏమైందో నేను అడగను, నువ్వు చెప్పకు.

నిన్ను తిట్టడానికే మళ్లీ కూర్చున్నాను. కానీ ముందు ఇంకొక మనిషి సంగతి చెప్పకపోతే ఆ తిట్లకు విలువ ఉండదు. చెప్పడానికి నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది, అందులోనూ నీకు.

నిన్న దేవికి వీడియో చూపించాను. అయిదు నిమిషాలు చూసి, “ఇదంత నాకు తెల్సు కదమ్మా, నేనే కదా చేసిన” అని లేవబోయింది. కూర్చోబెట్టి, బాధనిపించలేదా అని అడిగాను. “బోర్ కొట్టింది” అంది. మామయ్య నిన్ను వాడుకుంటున్నాడే పిచ్చిదానా అన్నాను. నా కథ చెప్పాను, వేళ్లు విప్పిన సంగతితో సహా. ఓపిగ్గా విని “పాపం అమ్మా” అని నా చెయ్యి నిమిరింది. గెలిచాననుకున్నాను. అప్పుడు అడిగింది.

“మరి నా బర్త్‌డే సైకిల్?”

సైకిల్‌కేమైందన్నాను.

“నువ్వు నాకు కళ్లు మూసి తెచ్చి చూపించినవ్ కదా. నాకు మస్తు నచ్చింది. అందుకే ఏమనలే. ఫోన్‌కి నీ వేలు అడ్డమొచ్చిందని మళ్ల కళ్లు మూస్కోమన్నవ్. రెండోసారి నేను ఎగర్లేదన్నవ్. మూడోసారి ఎగిరిన. అది నువ్వు స్టేటస్ పెట్టినవ్.”

“అది జ్ఞాపకం కోసం కదమ్మా” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

“ఫస్ట్ డే స్కూల్ కూడా గట్లనే. వాన పడ్డప్పుడు కూడా. మామయ్య షూటింగ్ అని చెప్తడమ్మా. నువ్వేమో నిజం అంటవ్. అక్కడ ప్యాకప్ అంటే అయిపోతది, ఇంటికి రావచ్చు. ఇంట్ల ఎప్పుడు అయిపోతదో తెల్వది.”

కోపంగా అనలేదు అన్నయ్యా. రేపు తెలుగు పరీక్ష ఉందని చెప్పినంత మామూలుగా అంది. నన్ను తిట్టినా, ఏడ్చినా ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తర్వాత ఫోన్ తీసి చూశాను. సైకిల్ వీడియోలు మూడూ ఉన్నాయి. మూడోదానికి మన చుట్టాలందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, నువ్వు కూడా పెట్టావు. మొదటిదాంట్లో సగం నా వేలే. ఆ వేలి పక్కన దేవి సైకిల్ సీటు మీద అరచెయ్యి ఆనించి, నోరు కొంచెం తెరిచి ఊరికే నిలబడి ఉంది. అది ఎంత సంతోషపడిందో ఆ రోజు నా కళ్లకు కనపడలేదు. నాకు గెంతులు కావలసివచ్చాయి.

స్టేటస్‌లకని తీసినవన్నీ దాని పక్కన కూర్చుని, అది చూస్తుండగానే తీసేశాను. వేలు అడ్డమొచ్చింది ఒక్కటి ఉండనిమ్మంది, ఉంచాను. “ఇప్పుడు నీకేం కావాలే?” అని అడిగాను. పెద్దదేదో అడుగుతుందని భయపడ్డాను కూడా.

“ఒక బొమ్మ కొనుక్కుంట. ఎవ్వరూ చూడొద్దు. నువ్వు సుత చూడొద్దు.”

ఇందాక నీ కారు వెళ్లాక ఇద్దరం చౌరస్తా దాకా నడిచాం. దుకాణం ముందు నోటు చేతికిచ్చి నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. లోపల చాలాసేపు ఉంది. నల్ల కవరుకు ముడివేసి పట్టుకుని బయటికొచ్చింది. దారిలో స్కూలు సంగతులేవో చెప్పింది, బొమ్మ మాట రాలేదు. ఇంటికి రాగానే గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. తగ్గలేదు. నేనూ అదే పని చేశానంటే నీ పని మంచిదైపోదు. రానన్న మాట మాత్రం ఇక దాని చేత చెప్పించను, నేనే చెప్తున్నాను. ఆ వీడియోలు ఈ వారంలో తియ్యకపోతే నువ్వు మా గడప తొక్కనక్కర్లేదు, రాఖీకి కూడా. దేవికి నీ మీద కోపం లేదు, అది నీ అదృష్టం. నా మీద ఉందో లేదో అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

అది లోపలికి వెళ్లి గంట దాటింది. చప్పుడేమీ లేదు. ఏ బొమ్మ కొనుక్కుందో, అది నచ్చిందో లేదో, నవ్వుకుంటోందో లేదో ఏమీ తెలియదు. రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది కూడా ఆ తలుపు తట్టకుండా ఉండడానికే.

ఇంకా కోపంగానే ఉన్న చెల్లెలు,
నాగజ్యోతి