కేబుల్ పనికి మా కోడలు

భూపాలపల్లిలో కరెంటు పని నేర్పే సారు గారికి, మానుకోట దగ్గరి తండా నుండి జమున మామ దండం పెట్టి రాయునది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్నందున బస్సులు లేవు. నేను రాలేక, మా తండా ప్రేమ్‌సింగ్ సైకిల్ మోటారు మీద అటు వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

"మీ మామ ఒప్పుకుంటేనే పెద్ద కేబుల్ ముట్టనిస్తా, లేకుంటే కాగితం మీద లోడు లెక్కలతోనే సరిపెట్టుకో" అని జమునతో అన్నారట. ఆమె పెనిమిటి, నా కొడుకు, జనగామలో కేబుల్ ముట్టే ప్రాణం పోగొట్టుకున్నాడని తెలిసి జాలితో అన్నారు. మీ మంచితనం.

మొదట నేనూ వద్దన్నాను. తండా ఆడవాళ్లు "మొగుణ్ణి మింగిన కరెంటుతోటే దోస్తానా ఏందే?" అని ఎక్కిరించారు. జమున మాత్రం నా పక్కన కూర్చుని చెప్పింది.

"మామా, బందు చేసినంక గూడ కేబుల్ల కరెంటు జరసేపు ఉంటది. దాన్ని భూమిలకు దించినంకనే ముట్టాలె. గది తెల్వనోడు ఒకడు 'బందైంది, పట్టు' అన్నడు. ఆయన పట్టిండు. నేను నేర్చుకుంటే ఇంకొకలకు గట్ల కానియ్య."

ఆ మాట విని నేను ఒప్పుకున్నాను సారూ.

ఒక్కటే మనవి. ఎవరెంత తొందరపెట్టినా, భూమిలోకి దించే పని ఆమె చేతనే చేయించండి. ఒకరి మాట నమ్మి ముట్టనివ్వకండి.

నా భయం పోలేదు. అది నా దగ్గరే ఉండనివ్వండి. జమునను కేబుల్ పనికి పంపండి.