పడవకు ఏ పొయ్యి

సూర్యాపేట,
ఆదివారం.

చిరంజీవి శ్రుతికి నాయిన ఈదయ్య దీవెనలు. ఈడ మేం మంచిగనే ఉన్నం, అమ్మ మోకాళ్ల నొప్పి ఎండలకు జర తగ్గింది. నువ్వు, అల్లుడు హరీష్ ఆడ కొచ్చిల సల్లగ ఉన్నరని తలుస్తున్న.

నీ ఉత్తరం అందింది. పడవ లోపలి బొమ్మ గీసి, కొలతలేసి పంపి మంచి పని చేసినవ్. ఫోన్ల చెప్తే ఇవన్నీ నా బుర్రకెక్కవు. హరీష్ నేవీల పదిహేనేండ్లు చేసొచ్చిండు, నీళ్లు లేకుంటే ఆయనకు తోచదు. సొంత తెరచాప పడవల గోవా దాకా పోతమంటే నేను అడ్డం చెప్ప. అమ్మనే "ఇల్లు లేనోళ్లా ఏంది, నీళ్ల మీద ఉండుడేంది" అని నాలుగు రోజులు గులిగింది. నిన్న మాత్రం కోదాడ నుంచి మీ మామ కొండల్ తోటి గట్టి మూతల సీసాలు తెప్పించింది, మీకు పచ్చడి పంపనీకి.

ఇగ పొయ్యి ముచ్చట. "నలభై ఏండ్లసంది స్టవ్వులు బాగుచేస్తున్నవ్, నువ్వే చెప్పు" అన్నవ్. కరెంటు పొయ్యి వద్దు, మీ బ్యాటరీ ఒక్కపూట అన్నానికే కూలబడ్తది. కిరోసిన్ పంపు స్టవ్వు గట్టిదే. కానీ ముందుగాల బర్నర్ కాగబెట్టాలె, పడవ ఊగంగ అది నీతోటి కాదు. పైగా కిరోసిన్ ఇప్పుడు ఏ దుకాణంల దొర్కుతది? స్పిరిట్ స్టవ్వు నెమ్మది, పగటిపూట దాని మంట కండ్లకు ఆనదు. మండుతుండంగ స్పిరిట్ పొయ్యొద్దు, ఆర్పి సల్లారినంకనే పొయ్యాలె. కానీ అంటుకుంటే నీళ్లతోటి ఆర్తది, మీ చుట్టూ ఉన్నయి అవే. నా మాటైతే స్పిరిట్ తీస్కో. దాన్ని రెండు పక్కల ఊచల మీద ఏలాడదీయమను, పడవ ఒరిగినా గిన్నె ఒరగదు.

నువ్వేమో గ్యాసే కావాలంటున్నవ్. చాయ్ కోసం అర్ధగంట ఎవరాగుతరని రాసినవ్. బిడ్డా, గ్యాసు గాలి కన్నా బరువు. ఇంట్ల లీకైతే తలుపు కిందికెల్లి ఎంతోకొంత పోతది. పడవల పోనీకి జాగ లేదు, అడుగున నీళ్లు నిలిచినట్టు నిలుస్తది. మొండికేసి తెచ్చుకుంటే సిలిండర్‌ను పైన, బయట డబ్బాల పెట్టుండ్రి, ఆ డబ్బా అడుగున సముద్రం దిక్కు బొక్క ఉండాలె. వారానికోసారి పైపు జాయింట్లకు సబ్బు నురుగు పూసి సూడాలె. ఒట్టి ముక్కును నమ్మొద్దు.

ఉత్తరంల ఇంకో మాట రాసినవ్. "నేను అమ్మ లెక్క నాబ్ తిప్పి మర్శిపోయేదాన్ని కాదులే" అని. ఆ మాటకు జవాబు రాయనీకి నాకు వారం పట్టింది.

శ్రుతీ, అమ్మ ఆనాడు నాబ్ మర్శిపోలే.

నా ముక్కు సచ్చి పదిహేనేండ్లు. కిరోసిన్ల, గ్యాసుల బతికి బతికి నాకు ఏ వాసనా రాదు. ఎవ్వరికీ చెప్పలే. స్టవ్వు మేస్త్రీకి వాసన రాదంటే పని ఎవరిస్తరు? జనం ముందట ఉత్తగనే ముక్కు ఎగబీల్చి, సాటుకు నురుగు పూసి సూసేటోణ్ణి. తొమ్మిదేండ్ల కింద, నువ్వు హాస్టల్ల ఉన్నప్పుడు, ఆ పొద్దు మనింట్ల కొత్త పైపు నేనే ఏసిన. మిర్యాలగూడల రైస్ మిల్లు క్యాంటీనోళ్లు తొందర పెడ్తున్నరు. అమ్మ వచ్చి "వాసనొస్తుందయ్యా, జర సూడు" అన్నది. నురుగు కలిపే ఓపిక లేకపాయె. వంగి వాసన సూసినట్టు చేసి, "ఏం లేదు, నీకు అట్లనే అనిపిస్తది, చాయ్ పెట్టుకో" అని పోయి బస్సెక్కిన. నా మాట నమ్మి అగ్గిపుల్ల గీసింది.

ఆమె చేతులు, మెడ ఎట్లయినయో నీకు తెలుసు.

దవాఖాన నుంచి నేనొక్కణ్ణే ఇంటికొచ్చి సూస్తే పైపు క్లిప్పు వదులుగ ఉన్నది. రెగ్యులేటర్ అప్పటికే ఎవరో బంద్ చేసిండ్రు. క్లిప్పు బిగించిన. బంద్ చేసే ఉన్న స్టవ్వు నాబ్‌ను తిప్పి తెరిచి పెట్టిన. ఆనంక పక్కింటి కృష్ణమూర్తి సారును పిలిచి, "సూడు సారూ, మర్శిపోయింది" అని సూపించిన. అమ్మకు గూడ అదే చెప్పిన. స్టవ్వులు తెలిసినోని మాట కదా, నమ్మింది. అప్పటిసంది గడప దాటితే మళ్ల ఎనక్కొచ్చి నాబ్ సూసుకుంటది. నువ్వు వచ్చినప్పుడల్లా "నువ్వు పొయ్యి కాడికి రాకమ్మా" అంటవు, ఆమె తలొంచుకొని పక్కకు జరుగుతది. నేను సూసుకుంట కూసుంట. మొదలు పని పోతదని దాచిన, ఆనంక ఆమె మొహం ఎట్ల సూడాలెనని దాచిన. పాపం చేసిన బిడ్డా.

ఉత్తరం డబ్బాల ఏసే ముందు ఆమెకు సదివి వినిపిస్త. నువ్వు నన్ను ఏమన్నా అను, మాట్లాడకున్నా సరే. అమ్మకు మాత్రం ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ తల్లీబిడ్డలకు తప్పు చేసిన
నాయిన.

తా.క. సదివిన. అమ్మ చిక్కుడుకాయ తుంచుడు ఆపి మొత్తం విన్నది. "అయితే ఆ పొద్దు నేను బంద్ చేసిన్నా?" అన్నది. చేసినవన్న. మళ్ల అడిగింది. మళ్ల చెప్పిన. "ఆ ముక్క బిడ్డకు ఇంకోసారి సక్కగ రాయి" అన్నది. రాస్తున్న. మీ అమ్మ బంద్ చేసింది.