తల్లి లేని గొర్రెపిల్ల

మంగళవారం, జడ్చర్ల

గొర్రెల బాలమణి ఈరోజు మూడోసారి దవాఖానలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి అదే మాట: "నాతోని ఏం కాదు బిడ్డా. ఎందుకు బతుకుడు?"

పోయిన రెండుసార్లూ నీలో ఎంతో శక్తి ఉందని నేనే చెప్పాను. తల ఊపి వెళ్లిపోయింది. ఈరోజు చెప్పడం మానేసి మంద సంగతి అడిగాను.

మొన్న ఒక గొర్రె ఈని చచ్చిపోయిందట. దాని పిల్లను ఈ పొద్దుటి నుంచి ఇంకో గొర్రెకు అలవాటు చేస్తోందట.

"ఊకె రానియ్యదు బిడ్డా, తంతది. దాని పాలే పిండి పిల్ల ఒంటికి రాస్త. పక్కన్నే కూసుంట. మూడు దినాలకు తన పిల్లే అనుకొని నాకుతది."

"ఈ పని ఇంట్ల ఇంకెవరికి వస్తదమ్మా?" అని అడిగాను.

"ఎవరికొస్తది? నాకే."

అని ఆగిపోయింది. తన మాట తనకే వినపడ్డట్టుంది. లేచి, "పిల్ల ఆకలిగుంటది, జల్ది పోవాలె" అన్నది.

రెండు వారాలుగా నా మాటలే ఆమెకు పూస్తూ వచ్చాను. పూయాల్సిన పాలు ఆమె మాటల్లోనే ఉండగా...

మళ్లీ ఎప్పుడొస్తావంటే చెప్పలేదు. మూడు దినాలంటే శుక్రవారం. ఆ గొర్రె ఆ పిల్లను నాకాలి.